సముద్రం మీది వానను వినే పెట్టె

పావగడ తాలూకాలో సెనక్కాయ విత్తేవాళ్లకు సముద్రంతో పనేముందని పైకి అనిపిస్తుంది. చాలా వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు, నడుమ బండల గుట్టలు, ఎర్రనేల, అడుగంటిన బోర్లు. అయినా ఇక్కడి సేద్యం మొత్తం సముద్రం చేతిలోనే ఉంది. నైరుతిలో అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలామట్టుకు కురిసేస్తాయి. ఆ తరవాత బంగాళాఖాతంలో ఏ అల్పపీడనమో పుడితే గానీ ఇక్కడి చెరువుల్లోకి నీళ్లు చేరవు. నాగలమడక మీదుగా పారే ఉత్తర పినాకిని కూడా పెన్నగా అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాలు దాటి చివరకు ఆ బంగాళాఖాతంలోనే కలుస్తుంది.

మన పొలం మీద పడ్డ వానను కొలవడానికి తాలూకా కేంద్రంలో వానకొలత పాత్ర ఉంది. సముద్రం మీద పడ్డ వానను కొలవడమే కష్టం. ఓడ మీద పాత్ర పెడితే గాలి చినుకులను పక్కకు తోసేస్తుంది, అలల తుంపర లోపల పడుతుంది. 1997లో ఎగిరిన టీఆర్‌ఎంఎం, 2011 అక్టోబరులో మన దేశమూ ఫ్రాన్సూ కలిసి పంపిన మేఘా ట్రాపిక్స్, 2014లో వచ్చిన జీపీఎం వంటి ఉపగ్రహాలు పైనుంచి అంచనా కడుతూ వచ్చాయి. ఆ అంచనా సరైనదో కాదో కింద నిజంగా కొలిచిన లెక్కతో పోల్చి చూసుకోవాలి. ఆ లెక్కకు ఉన్న మంచి దారుల్లో ఒకటి, నీటి లోపల మైకు వేలాడదీసి వాన చప్పుడు వినడం.

చినుకు నీటిని తాకినప్పుడు వచ్చే చప్పుడు కన్నా, అది నీటిలోకి లాక్కుపోయే చిన్న గాలిబుడగ చేసే చప్పుడే ఎక్కువ. బుడగ తన సైజును బట్టి ఒక నిర్దిష్టమైన శ్రుతిలో మోగుతుంది. ఆ లెక్కను మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త 1933లోనే కట్టాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ సుమారు 3.3 కిలోహెర్ట్జ్ దగ్గర మోగితే, అందులో అయిదో వంతు కన్నా కాస్త పెద్ద బుడగ 15 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే సన్న తుంపర చినుకులు సరిగ్గా ఇలాంటి చిన్న బుడగలనే పుట్టిస్తాయి. అందుకే సన్నటి జల్లు పడుతుంటే నీటి కింద 15 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో చప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. మధ్యరకం చినుకులు దాదాపు నిశ్శబ్దంగా దిగిపోతాయి. రెండు మిల్లీమీటర్లు దాటిన పెద్ద చినుకులు మాత్రం ఒకటి రెండు కిలోహెర్ట్జ్ నుంచి పైదాకా అన్ని శ్రుతుల్లోనూ గోల చేస్తాయి. ఏ శ్రుతిలో ఎంత చప్పుడు ఉందో చూస్తే పడేది జల్లా, కుండపోతా, ఒట్టి గాలేనా అని తేల్చవచ్చు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ నిస్ట్యూయెన్ ఈ పని కోసం పాల్ అనే పరికరం తయారు చేశారు. అది కొన్ని నిమిషాలకోసారి మేలుకుని కొన్ని సెకన్లు వింటుంది, శ్రుతులవారీగా లెక్క రాసుకుని మళ్లీ నిద్రపోతుంది. 2004లో గ్రీసు దగ్గరి అయోనియన్ సముద్రంలో ఒకే చోట 60, 200, 1000, 2000 మీటర్ల లోతుల్లో వీటిని వేలాడదీశారు. లోతు పెరిగేకొద్దీ మైకుకు అందే ఉపరితలం విశాలమవుతుంది, అంటే ఒకే పరికరం కిలోమీటర్ల మేర పడిన వానను కలిపి వింటుంది. అరచేతంత మూతి ఉన్న వానకొలత పాత్రకు అది ఎన్నటికీ సాధ్యం కాదు. మనకు ఇంకా దగ్గరి సంగతి: స్టీఫెన్ రైజర్, నిస్ట్యూయెన్, రోజర్స్ ఈ చెవులను సముద్రంలో మునిగి తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్లకు తగిలించి బంగాళాఖాతంలోనే వదిలారు. రుతుపవనాల కాలపు గాలినీ వాననూ నీటి కింది నుంచి కొలిచిన ఆ పని 2008లో అచ్చయింది. పావగడ చెరువులోకి వచ్చే నీళ్ల కథ మొదలయ్యేది అక్కడే.

ఇలాంటి పరికరాలు చౌకవి కావు. అందుకే కొన్నేళ్లుగా ఇంకో ప్రశ్న నలుగుతోంది. సముద్రంలో పని అయిపోయి కొట్టుకొచ్చే పాత బోయాలను, అంటే తేలే పరికరాలను, తీసుకుని, తక్కువ కరెంటుతో నడిచే రికార్డర్లుగా మార్చవచ్చా?

పాత బోయా అంటే ముందుగా చెప్పుకోవలసింది ట్యూనా వేట బోయాల గురించి. హిందూ మహాసముద్రంలో పెద్ద ఓడల వాళ్లు తెప్పలాంటి చట్రాలను నీటిలో వదులుతారు. వాటి నీడన చేపలు చేరతాయి. ఒక్కో చట్రానికి కట్టిన బోయా పైన సోలార్ ప్యానెళ్లు, లోపల బ్యాటరీ, జీపీఎస్, ఉపగ్రహానికి కబురు పంపే మోడెం, కింద చేపలు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టే ఎకో సౌండర్ ఉంటాయి. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2019లో ఒక్కో ఓడకు ఒకేసారి 300 బోయాలకు మించి నడపరాదని పరిమితి పెట్టింది. అంత పరిమితి అవసరమైందంటేనే ఎన్ని తిరుగుతున్నాయో ఊహించుకోవచ్చు. ప్రవాహం దారి తప్పించాక వాటిలో చాలా వాటిని ఎవరూ వెనక్కి తీసుకోరు, అవి పగడపు దిబ్బల మీదా ఒడ్డున ఇసుకలోనూ తేలతాయి. సేషెల్స్‌లో వీటిని పట్టి తీసే ప్రయత్నం 2016 నుంచి సాగుతోంది. స్పెయిన్‌కు చెందిన శాట్‌లింక్ సంస్థ ఒడ్డుకు చేరిన తన బోయాలను పరిశోధకులకూ స్థానిక సంఘాలకూ అప్పగించే కార్యక్రమం మొదలుపెట్టింది. చెత్త తగ్గించడానికి పుట్టిన ఈ ఆలోచన సముద్రాన్ని వినే పనికి పెట్టుబడి తగ్గించగలదు.

రెండో రకం నౌకాదళాల సోనోబోయాలు. విమానం నుంచి జారవిడిచే ఈ గొట్టాలు కొన్ని గంటలు విని మునిగిపోతాయి. కాలం తీరిన సోనోబోయాలతో అమెరికాలో తిమింగలాల పరిశోధన చాలానే జరిగింది. ఒడ్డున దొరికినదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. దాన్ని విప్పి చూసే ఆలోచన కూడా వద్దు.

మూడో రకం వాతావరణ బోయాలు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఓటీ, 1996 నుంచి మన చుట్టూ ఉన్న సముద్రాల్లో లంగరు వేసిన బోయాలను నడుపుతోంది. వాటి కబుర్లను వాడుకునేది 1999లో హైదరాబాదులో మొదలైన ఇన్‌కాయిస్. 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెలువడుతున్నాయి. ఈ పెద్ద బోయాలు పని మానేశాక తీసుకుని రికార్డర్లుగా మార్చడం కన్నా, పనిలో ఉండగానే వాటి లంగరు తీగకు చెవులు తగిలించడం మేలని నా అభిప్రాయం. ఓడ ఎలాగూ వాటి దగ్గరకు మరమ్మతులకు వెళ్తుంది. ఆ ప్రయాణంలోనే రికార్డర్ మార్చుకు రావచ్చు.

ఇప్పుడు సంస్థ అప్పగించిన ట్యూనా బోయా పెట్టెను విప్పి చూద్దాం. మూత చుట్టూ బోల్టులు, వాటి కింద గాడిలో నల్లటి రబ్బరు రింగు. ఎండకు ఆ రింగు బీటలిచ్చిందంటే మిగతాదంతా వృథా. లోపల తేమ పీల్చే సిలికా సంచీ రంగు మారిందో లేదో చూస్తే తేమ చొరబడిందో లేదో తెలుస్తుంది. లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే పెట్టె లోపల వాయువు పేరుకుని ఉండవచ్చు, అందుకే మొదటి బోల్టు ఆరుబయట, ముఖం దూరంగా పెట్టుకుని నెమ్మదిగా విప్పాలి. ఎకో సౌండర్ సిరామిక్ ఉంది కదా, దాన్నే మైకుగా వాడుకోవచ్చనిపిస్తుంది. అది కుదరదు. 50 లేదా 190 కిలోహెర్ట్జ్ దగ్గర మోగేలా తయారు చేసిన ముక్క అది. తిమింగలం పాడే 50 హెర్ట్జ్ దానికి దాదాపు వినబడదు. కాబట్టి నీటి లోపలి మైకు, అంటే హైడ్రోఫోన్, వేరుగా చేసుకోవాలి.

హైడ్రోఫోన్ గుండెకాయ పియెజో సిరామిక్, వంటింటి గ్యాస్ లైటర్‌లో టిక్కుమనిపించి నిప్పురవ్వ పుట్టించేది కూడా ఈ జాతి ముక్కే. ఒత్తిడి మారితే దానిలో స్వల్పంగా వోల్టేజి పుడుతుంది. దాన్ని నీరు తగలకుండా మూసివేయాలి, కానీ మూత శబ్దాన్ని అడ్డుకోకూడదు. ఇక్కడ దశాబ్దాలుగా సోనార్ తయారీదారులు వాడుతున్నది ఆముదం. శబ్దం సముద్రపు నీటిలో పోయినట్టే దాదాపు ఆముదంలోనూ పోతుంది, అందువల్ల నీరూ నూనే కలిసే చోట అది వెనక్కి తిరగదు. పైగా ఆముదం కరెంటును పారనివ్వదు, ఎండకూ చలికీ త్వరగా చెడదు. సిరామిక్ గొట్టాన్ని పలచటి రబ్బరు తొడుగులో పెట్టి, గాలి బుడగ ఒక్కటీ మిగలకుండా ఆముదం నింపి బిగిస్తారు. ఒక్క బుడగ మిగిలినా అది శబ్దాన్ని మింగేస్తుంది, అందుకని నింపే ముందు నూనెలోని గాలిని పంపుతో లాగేస్తారు. అనంతపురం, పావగడ మెట్ట చేలల్లో పండే గింజ సముద్రాన్ని వినే చెవిలో నూనెగా కూర్చోవడం నాకు మొదటిసారి తెలిసినప్పుడు చాలా సంతోషం కలిగింది.

సిరామిక్ పక్కనే చిన్న యాంప్లిఫయర్, దాని వెనుక రికార్డర్. ఈ రంగాన్ని చౌక చేసినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది బ్రిటన్‌లోని సౌథాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో పుట్టిన ఆడియోమాత్. మూడు పెన్సిల్ బ్యాటరీలు, ఒక మెమరీ కార్డు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద బోర్డు. దానికే నీటి తొడుగు వేసి హైడ్రోమాత్ అన్నారు. నీటి కింద దాని పనితీరును టిమ్ లామాంట్ బృందం 2022లో అచ్చు వేసిన పత్రంలో చూపింది. ఖరీదైన పరికరాలతో పోలిస్తే దాని సున్నితత్వం తక్కువే. అయినా ఒక ఖరీదైనది కొనే డబ్బుతో అలాంటివి ఎన్నో కొని, ఎన్నో చోట్ల పెట్టవచ్చు.

తక్కువ కరెంటు లెక్క ఇక్కడే వస్తుంది. నీటిలో పెట్టాక ఎవరూ రోజూ వెళ్లి ఛార్జింగ్ పెట్టలేరు. రికార్డర్ 10 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుందాం, బ్యాటరీ 3000 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకుందాం. ఆపకుండా రికార్డు చేస్తే 300 గంటలు, అంటే పన్నెండు రోజులు చాలు, బ్యాటరీ అయిపోతుంది. పది నిమిషాలకు ఒక్క నిమిషం మాత్రమే వింటే నాలుగు నెలలు వస్తుంది. మెమరీ కార్డు లెక్క కూడా అంతే. సెకనుకు 48 వేల సార్లు, ఒక్కో సారికి రెండు బైట్ల చొప్పున రాసుకుంటే రోజుకు 8.3 జీబీ నిండుతుంది. సెకనుకు 2 వేల సార్లు చాలనుకుంటే రోజుకు 350 ఎంబీ కూడా కాదు, ఏడాది పొడవునా ఆపకుండా విన్నా 128 జీబీ కార్డు సరిపోతుంది.

కాబట్టి దేని కోసం వింటున్నామో ముందు తేల్చుకోవాలి. నీలి తిమింగలం పాట పదుల హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్ ప్రాంతం దాకా ఉంటుంది, ఎప్పుడు పాడుతుందో చెప్పలేం. దాని కోసం సెకనుకు 2 వేల సార్లతో నిరంతరాయంగా వినాలి. వాన కోసం పై శ్రుతులు కావాలి గానీ రెండు నిమిషాలకోసారి పది సెకన్లు విన్నా చాలు. గొరక జాతి చేపల కోసమైతే సూర్యాస్తమయం నుంచి రెండు మూడు గంటలు వినాలి. కాకినాడ, ఉప్పాడ తీరంలో ఒక్క చేప లక్షలు పలికిందని పత్రికల్లోకెక్కే కచిడి కూడా ఆ జాతిదే. దాని పొట్టలోని గాలితిత్తికే ఆ ధర. ఆ జాతి చేపలు జంటను పిలిచేటప్పుడు కండరాలతో డప్పులా వాయించేది కూడా ఆ గాలితిత్తినే. అవి గుడ్లు పెట్టే చోటు, కాలం చప్పుడును బట్టి తెలిస్తే వేట ఎప్పుడు ఆపాలో మత్స్యకారులే నిర్ణయించుకోగలరు. ఒక్క రికార్డర్‌తో ఈ మూడింటినీ పట్టాలనుకుంటే బ్యాటరీ, కార్డు, ఓపిక మూడూ అయిపోతాయి.

ఉపగ్రహం ద్వారా శబ్దమే పంపవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. ఇలాంటి చిన్న బోయాలు వాడే ఇరిడియం ఉపగ్రహాల చిన్న సందేశంలో 340 బైట్లు మాత్రమే పడతాయి. సెకనుకు 48 వేల సార్ల చొప్పున రాసిన ఒక సెకను శబ్దంలో వందో వంతు కూడా అందులో పట్టదు. కానీ ముప్పై శ్రుతి పట్టీల్లో ఎంతెంత చప్పుడు ఉందో ఒక్కో బైటుగా రాస్తే పదకొండు కొలతలు ఒకే సందేశంలో పోతాయి. వాన లెక్కకు అది చాలు. అసలు శబ్దం కార్డులోనే ఉంటుంది, దొరికితే దొరుకుతుంది.

బోయా పైన ప్యానెల్ ఉన్నప్పుడు కరెంటుకు కొరత ఏముందన్న ప్రశ్న న్యాయమైనదే. పావగడ తాలూకాలోని తిరుమణి, వల్లూరు, బళసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల మీద సుమారు 13 వేల ఎకరాల్లో పరుచుకున్న 2050 మెగావాట్ల సోలార్ పార్కులో ప్యానెళ్లు తుడిచే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు వేరు, దుమ్ము పట్టాక వచ్చేవి వేరు. సముద్రంలో దుమ్ముకు బదులు ఉప్పు పొర, పక్షుల రెట్ట, వారాల తరబడి రుతుపవన మబ్బు. అయినా చిన్న ప్యానెల్ చాలు, మన రికార్డర్ రోజుకు వాట్ అవర్ కూడా తాగదు. ఆ మాత్రం కరెంటు మామూలుగా దొరుకుతుంది.

అయినా తక్కువ కరెంటు మీద పట్టుబట్టాలి. బ్యాటరీ ఆదా అందుకు ఒక కారణం, అంతకన్నా పెద్ద కారణం నిశ్శబ్దం. నీటి కింద మనం వెతికే చప్పుళ్లు చాలా చిన్నవి. వోల్టేజి మార్చే సర్క్యూట్ గిరగిర, కార్డు మీద రాసేటప్పుడు వచ్చే కరెంటు ఉలికిపాటు, మోడెం ఉపగ్రహాన్ని పిలిచే క్షణం, ఇవన్నీ సిరామిక్ నుంచి వచ్చే మైక్రోవోల్టుల్లోకి చొరబడతాయి. ఎంత తక్కువ కరెంటు పారితే లోపలి గోల అంత తక్కువ. అందుకే మంచి రికార్డర్ వినేటప్పుడు మోడెంను పూర్తిగా ఆపేస్తుంది, కార్డు మీద రాసే పనిని వాయిదా వేసుకుంటుంది.

పాత బోయాకు అసలు బలహీనత దాని శరీరమే. అల మీద ఎగిరిపడుతుంది, నీటిని చప్పున కొడుతుంది, గొలుసు కిర్రుమంటుంది, తాడు ప్రవాహంలో వణుకుతుంది. మైకును దానికి గట్టిగా కట్టేస్తే రికార్డయ్యేది బోయా తప్ప సముద్రం కాదు. కాబట్టి పదుల మీటర్ల తాడు, మధ్యలో సాగే రబ్బరు ముక్క, కింద నీటిని పట్టి ఆపే గుడ్డ గొడుగు, వాటికింద మైకు. ఈ మెకానికల్ పని మీద పెట్టే శ్రద్ధ ఎలక్ట్రానిక్స్ మీద పెట్టే శ్రద్ధ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. తీరం దగ్గర ఇంకో చిక్కు ఉంది. వెచ్చటి లోతు తక్కువ నీటిలో చిటికెల రొయ్యలు పెట్టే చిటపటలు వాన శ్రుతుల మీదే పడతాయి. ఒడ్డు పక్కన వాన వినాలనుకోవడం వృథా ప్రయాస. లోతు నీళ్లకు వెళ్లాలి.

మన దేశంలో ఈ వినికిడి పని కొత్తది కాదు. ఎన్‌ఐఓటీ మన తీరాల వెంట నీటి అడుగు చప్పుళ్లను కొలుస్తోంది, హైడ్రోఫోన్లను సరిచూసే ట్యాంకు కూడా దాని దగ్గర ఉంది. 2014 జూలైలో ఆర్కిటిక్‌లోని కాంగ్స్‌ఫియార్డెన్‌లో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే లంగరు తీగను దించింది. తరవాత దానికి హైడ్రోఫోన్ కూడా తగిలించి మంచు చప్పుళ్లనూ విన్నారు. లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర దివ్య పణిక్కర్, కేట్ స్టాఫర్డ్ 2018 చివరి నుంచి 2020 దాకా రికార్డర్లు పెట్టి భారత తీరంలో నీలి తిమింగలాల పాటలను పట్టుకున్నారు. అణు పరీక్షల నిఘా కోసం డియెగో గార్సియా దగ్గర పెట్టిన హైడ్రోఫోన్లు 2004 డిసెంబరు భూకంపం ఎటు చీలుకుంటూ పోయిందో చెప్పాయి. అదే తరహా రికార్డులు 2021లో ఇంతకుముందు ఎవరికీ తెలియని నీలి తిమింగలాల గుంపును బయటపెట్టాయి. ఒక పని కోసం పెట్టిన చెవి ఇంకో పనికి పనికొచ్చిన ఈ రెండు ఉదాహరణల వల్లే అసలు శబ్దాన్ని కార్డులో దాచాలని నేను పట్టుబట్టేది.

చట్టం సంగతి దాటవేయలేం. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇరిడియం వంటి ఉపగ్రహ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. కొట్టుకొచ్చిన బోయాలో మోడెం ఉంటుంది కాబట్టి దొరికినవాళ్లు దాన్ని మెరైన్ పోలీసులకో కోస్ట్‌గార్డ్‌కో అప్పగించడమే క్షేమం. విశాఖ దగ్గర నౌకాదళం ఉంది, అక్కడ నీటి కింద ఏది రికార్డు చేసినా ముందస్తు అనుమతి తప్పనిసరి. వేటకు వెళ్లేవాళ్లకూ బోయాలకూ మధ్య ఉన్న పాత తగవు కూడా తీరాలి. బోయా నీడన చేపలుంటాయని పడవ దానికే కట్టేస్తారు, ప్యానెళ్లు పగులుతాయి, తీగలు తెగుతాయి. కచిడి కోసం వినే పరికరమని తెలిస్తే, దాని ఫలితం తమకే మొదట తెలుస్తుందని నమ్మకం కుదిరితే, దాన్ని కాపాడేది కూడా వాళ్లే.

పావగడలో సముద్రం లేకపోయినా ఈ పనిలో మొదటి అంకం జరగడానికి అనువైన చోటు అదే. నిండిన చెరువులో ఓడల మోత లేదు, అలలు లేవు, ఉప్పు లేదు. రాత్రి మోటార్లు ఆగాక ఒక హైడ్రోఫోన్ దించితే నీటి పురుగుల కిచకిచలు, నీటి మొక్కల నుంచి లేచే బుడగలు వినిపిస్తాయి. వాన రోజున అదే హైడ్రోఫోన్ పక్కన గట్టు మీద మామూలు వానకొలత పాత్ర పెట్టి, రెండిటి లెక్కలూ నిమిషం నిమిషానికీ పోల్చి చూడవచ్చు. చెరువులో లోతు తక్కువ గనుక అడుగు నుంచి తిరిగి వచ్చే శబ్దాన్ని లెక్కలోంచి తీసేయాలి. అయినా సన్న జల్లు 15 కిలోహెర్ట్జ్ గుర్తు మంచినీటిలోనూ అలాగే ఉంటుంది. రబ్బరు రింగు పని చేస్తోందా, ఆముదం కారుతోందా, మబ్బు పట్టిన వారంలో బ్యాటరీ నిలిచిందా అన్నవి ఓడ ఎక్కకముందే తేలిపోతాయి. ఈశాన్య రుతుపవనాల్లో చెరువులోకి నీళ్లు వచ్చిన ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పరీక్ష నడిపి, అందులో నిలబడ్డ పెట్టెనే కృష్ణపట్నం నుంచి బయలుదేరే పడవలో ఎక్కించాలి.